మెకానిక్ హొన్నూరమ్మ

కుడతిని కరెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే బట్టలను మూడు నీళ్ళు మార్చి తడిపితే గానీ సబ్బు పట్టదు. మొదటి నీళ్ళు సిమెంటు కలిపినట్టు బూడిద రంగులో దిగుతాయి. రెండోసారికి కాస్త పలచబడతాయి. మూడోసారికి గానీ చొక్కా అసలు రంగేమిటో బయటపడదు. మా ఆయన తిప్పేశ్ అక్కడ బొగ్గు బెల్టుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. పెళ్ళయిన పదమూడేళ్ళుగా నా రోజు అతని బట్టలతోనే మొదలవుతోంది. ఆ ఉదయం వాటిని జాడించి ఆరేసి, చేతులు కడుక్కొని ఉప్మా వడ్డిస్తుంటే అతను నా వేళ్ళ వైపు చూసి, "ఎప్పుడూ ఆ నీలం చేతులేనా సౌభాగ్యా? సరిగ్గా కడుక్కోరాదా? తినబుద్ధి కాదు" అన్నాడు. నేను కుట్టే జీన్స్ గుడ్డ రంగు అది. గోళ్ళ కింద చేరితే సున్నం పెట్టి రుద్దినా పోదు. అతని బూడిద వదలగొట్టడానికి నేనున్నాను, నా నీలం గురించి మాత్రం నాకే చీవాట్లు అనుకున్నాను. పాప డబ్బా సర్ది, మా అత్త అంజినమ్మకు మాత్రలు అందించి, బస్సుకు పరిగెత్తాను.

బళ్ళారిలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్లు వీధికొకటి ఉంటాయి. మాది నలభై మెషిన్లది. నేను చేరి తొమ్మిదేళ్ళయింది. రిజిస్టరులో నా పేరు ఎదురుగా 'టైలర్' అని ఉంటుంది. కానీ పొద్దున ఎవరు ఏ మెషిన్ మీద కూర్చోవాలో చెప్పేది నేను. కొత్త పిల్లలకు నేర్పేది, జేబులు వంకర పోతే విప్పించేది, ఇద్దరు ఆడవాళ్ళు ఫ్యాను కోసం కొట్లాడుకుంటే తీర్చేది కూడా నేనే. సూపర్వైజరు పేరు ఉమేశ్. మా ఓనరు ప్రకాశ్ గారి అక్క కొడుకు. నాలుగేళ్ళ కింద అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పదకొండింటికి వచ్చి నేను రాసిపెట్టిన కాగితాల మీద సంతకం పెడతాడు. చెడ్డవాడేం కాదు. సంతకం పెడుతూ నన్ను 'అక్కా' అంటాడు. అతను సంతకం పెట్టినప్పుడల్లా నాలో ఏదో లోపముందని, అందుకే ఓనరు కంటికి ఆనడం లేదని అనుకునేదాన్ని. ఆ లోపమేదో తెలియక ఇంకాస్త ఎక్కువ పని చేసేదాన్ని.

ఆ రోజే నయన హొన్నూరమ్మను తీసుకొచ్చింది. జైలు నుంచి విడుదలైన ఆడవాళ్ళకు పని వెతికిపెట్టే చిన్న సంఘంలో పనిచేస్తుంది నయన. పాతికేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడుతుంది. వెనక నిలబడ్డ హొన్నూరమ్మకు యాభైకి దగ్గరుంటాయి. సన్నటి మనిషి. గోడకు ఆనకుండా, చేతులు ముందు కట్టుకొని నిటారుగా నిలబడింది. ఆమెది కెంచనగుడ్డ ఊరు. కాలువ నీళ్ళ గొడవలో పక్క చేను మనిషి చనిపోతే ఆమెకు శిక్ష పడింది. పదకొండేళ్ళ తర్వాత బయటికొచ్చింది.

ప్రకాశ్ గారు కుర్చీలో కదిలి కూర్చున్నారు. "చూడమ్మా నయనా, నాకేం లేదు. ఈడ యాభై మంది ఆడోళ్ళు పని చేస్తాండారు. వాళ్ళు బెదిరి మానేస్తే నా గతేంది?"

"సార్, ఈమెకి మెషిన్లు రిపేరు చేసేది వస్తాది. లోపల ఎనిమిదేండ్లు అదే పని చేసింది. సర్టిఫికెట్టు కూడా ఉండాది, చూడండి."

ఆయన కాగితం వైపు చూడలేదు. నవ్వారు. "ఆడమనిషి మెకానిక్కా? దానికి హనుమేశ్ ఉండాడులే. ఊడ్చేకి ఒకరు కావాల. ఇష్టమైతే చేరమను." తర్వాత నా వైపు తిరిగారు. "సౌభాగ్యా, ఈమె నీ బాధ్యత. ఏమన్నా అయితే నిన్నే అడిగేది."

బాధ్యత అనే మాట ఎప్పుడూ నా వైపే వస్తుంది. తలూపాను.

సాయంత్రం ఇంట్లో చెబితే తిప్పేశ్ కంచం ముందు నుంచి లేచినంత పని చేశాడు. "ఖూనీ చేసిన మనిషిని నీ నెత్తిన పెడితే ఊ కొట్టి వచ్చినావా? రేపు ఏమన్నా జరిగితే ఫ్యాక్టరీలో నా మర్యాద ఏం గాను?" మా అత్త మాత్రం మంచం మీద నుంచి తల ఎత్తి, "ఎవర్ని చంపిందంట? మొగున్నా?" అని అడిగింది. "కాదత్తా, పక్క చేనాయన్ని. కాలువ కాడ గొడవలో" అన్నాను. "అట్లయితే సరేలే" అని మళ్ళీ పడుకుంది.

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. మర్నాడు అందరికంటే ముందు పోయి దారాలు కత్తిరించే చిన్న కత్తెరలన్నీ డబ్బాలో వేసి లెక్కపెట్టాను. గుడ్డ కోసే పెద్ద కత్తెరను నా బల్ల కింద దాచాను. తల ఎత్తేసరికి హొన్నూరమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"లెక్కపెట్టుకో మేడం, తప్పేం లేదు" అంది. "లోపల కూడా సాయంత్రం కత్తెర్ల లెక్క సరిపోతేనే మమ్మల్ని ఇడుస్తాండ్రి."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అందుకే నా మొహం మరీ మండిపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని, బస్సు దొరికిందా అని అడిగాను. అప్పుడు ఆమె మొదటిసారి నవ్వింది. సంఘం వాళ్ళు చూపించిన గది నుంచి మా యూనిట్‌కు బస్సెక్కితే, కండక్టరు డబ్బు తీసుకోకుండానే టికెట్టు చింపి ఇచ్చాడట. "నా మొగం చూసి జైలు నుంచి వచ్చిందని కనిపెట్టి, పాపమని ఇచ్చినాడేమో అనుకుంటి మేడం. సిగ్గుతో తల దించుకుంటి. తిరిగి చూస్తే బస్సులో ఆడోళ్ళందరికీ సున్నా టికెట్టే! పక్కామె చెప్పింది, గవర్మెంటోళ్ళు ఆడోళ్ళకి ఫ్రీ చేసినారంట. నేను లోపల ఉన్నెప్పుడు లోకం శానా మారిపాయ."

మారింది బస్సే. యూనిట్‌లో ఆడవాళ్ళు ఆమెకు దూరంగా జరిగారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పే చోట ఆమె కూర్చుంటే వరుస మొత్తం పక్కకు కదిలింది. మూడు రోజులు నేనూ ఆ వరుసలోనే కూర్చున్నాను. బాధ్యత నాదన్నారు కదా, దూరం నుంచి గమనిస్తే సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో రోజు ఆమె ఒక్కతే జొన్నరొట్టె తుంచుకుని గోడ వైపు తిరిగి తింటోంది. గోడ వైపు తిరిగి తినడం నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో, అందరూ తిన్నాక మిగిలింది వంటింట్లో అలాగే తినేదాన్ని, ఎవరైనా చూస్తే ఎక్కువ తింటోందంటారేమోనని. నా డబ్బా తీసుకుని పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "శెనక్కాయల పొడి కొంచెం పెట్టక్కా" అన్నాను. ఆమె పెట్టింది. తర్వాత అడగకుండానే చెప్పింది.

"మాది కాలువ చివర భూమి. పైనోళ్ళు ఇడిస్తేనే మాకు నీళ్ళు. ఆ ఏడు వరి పొట్ట మీద ఎండిపోతాండె. మా వంతు నాడు తూము దగ్గరికి పోతే పక్క చేనాయన మూసేసినాడు. మాటా మాటా పెరిగింది. నా మొగుడు దేవప్ప, మా మరిది, నేను. ముగ్గురి చేతుల్లోనూ పారలు ఉండె. నేను కొట్టలేదని చెప్పను. ఎవరి దెబ్బకి పోయినాడో దేవునికే తెలుసు. ఆయప్ప పెండ్లాము నాతో జతగా కలుపు తీస్తాండె, ఒకే చెంబుతో నీళ్ళు తాగుతాంటిమి. పదకొండేండ్లలో ఆయమ్మ మొగం తలుచుకోని దినం లేదు."

ఆమె నీళ్ళ సీసా నా వైపు జరిపింది.

"ముగ్గురికీ ఒగటే శిక్ష. వాళ్ళిద్దరూ ఏడాది ముందే బయటికొచ్చినారు. ఊరోళ్ళు బస్టాండు కాడికి పోయి పిల్చుకొచ్చినారంట. ఇప్పుడు చేన్లు దున్నుకుంటాండారు. మా మరిదికి పంచాయితీలో కుర్చీ కూడా వేస్తారు. నేను పోతే గడప దాటనీలేదు. 'ఆడది జైలుకి పోయొచ్చె, ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు ఏం కావాల' అనె నా మొగుడు. ఇంగొగామెను తెచ్చుకున్నాడు. ఆయమ్మే నాకు నీళ్ళిచ్చింది, పాపం. ఒగటే గొడవ, ఒగటే పార, ఒగటే శిక్ష. వాళ్ళకి అది దెబ్బ తగిలి మానినట్టు, నాకు మాత్రం కుష్టు పట్టినట్టు."

ఆ మధ్యాహ్నం పెద్ద కత్తెరను బల్ల కింద నుంచి తీసి ఎప్పుడూ ఉండే మేకుకు తగిలించాను. నన్నెవరూ చూడలేదు. అయినా చేసినందుకు నాకు ఊపిరి ఆడినట్టయింది.

మరో రెండు వారాలకు, శనివారం నాడు, ఫీడాఫ్ మెషిన్ మొరాయించింది. ప్యాంటు కాళ్ళను రెండు వరుసల గొలుసు కుట్టుతో కలిపే మెషిన్ అది. మా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి ఆగితే వెనక ముప్పై మంది చేతులు ముడుచుకుని కూర్చోవాలి. సాయంత్రం లారీకి సరుకు ఎక్కాలి. హనుమేశ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. చెప్పాపెట్టకుండా వేరే యూనిట్‌లో చేరాడని తర్వాత తెలిసింది. ఉమేశ్ స్క్రూడ్రైవరు తీసుకుని ఏవో తిప్పాడు. అంతవరకు నాలుగంగుళాలకోసారి కుట్టు తప్పుతున్నది కాస్తా అసలు పడటమే మానేసింది.

ఊడుస్తున్న హొన్నూరమ్మ చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. ఉమేశ్ వైపు కాకుండా నా వైపు చూసింది. "దారం తప్పు కాదు సౌభాగ్యమ్మా. కింద దారం పట్టే కొక్కి వెనకబడింది. నిన్నట్నుంచి సద్దు మారింది. చూద్దునా?"

"ఖరాబు చేస్తే ఎవరు కట్టిచ్చేది?" అన్నాడు ఉమేశ్.

"నేను" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నువ్వు చూడక్కా."

ఆమె కొంగు దోపుకుని కింద కూర్చుంది. పళ్ళెం విప్పింది. లోపల చేరిన నీలం దూదిని బ్రష్షుతో తీసింది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, సూది కిందికి దిగి మళ్ళీ లేచే చోట కొక్కి ఎక్కడుందో చూసింది. ఒక మర వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి, బిగించి, మళ్ళీ తిప్పింది. వెలుగు సరిపోవడం లేదని గొణిగితే, అంతవరకు ఆమెకు దూరంగా జరిగిన వరుసలోని పిల్ల ఒకతి వచ్చి ఫోన్ లైటు వేసి పట్టుకుంది. ముప్పావుగంటకు హొన్నూరమ్మ లేచి, చిరుగు గుడ్డ ఒకటి కింద పెట్టి తొక్కింది. కుట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటి తప్పకుండా పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో, "అక్కా, నా మెషిన్ ఆర్నెల్ల నుంచి దారం కొరుకుతాండాది. హనుమేశ్‌కి చెప్తే నాకే కుట్టేది రాదంటాండె. చూస్తావా?" అన్నారు. నాలుగింటికల్లా ఆమె ముందు వరుస కట్టారు. చీపురు గోడకు ఆనించింది ఆనించినట్టే ఉండిపోయింది. ఆ సాయంత్రం నేనే ఊడ్చాను.

లారీ వెళ్ళాక ప్రకాశ్ గారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. మొహం వెలిగిపోతోంది. "శభాష్ హొన్నూరమ్మా! ఇంక ఆ హనుమేశ్‌తో పని లే. నువ్వు నీ ఊడ్చే పని చేసుకుంటా ఉండు, మెషిన్ నిల్చిపోతే చూడు. సరేనా?"

హొన్నూరమ్మ తల ఎత్తింది. "సార్, లోపల గోడకి ఒక బోర్డు ఉండె. దాంట్లో నా పేరు రాసి, ఎదురుగా మెషిన్ రిపేరి అని రాసినారు. జైల్లో రాసినది బయట రాయరా సార్?"

"రాసేకేముందమ్మా... మెకానిక్ అంటే మొగోళ్ళ పని గదా, వచ్చినోళ్ళు ఏమనుకుంటారో..."

"మెకానిక్ అనే రాయండి సార్" అన్నాను నేను. "హనుమేశ్‌కి ఇచ్చిన జీతమే ఇయ్యండి. ఆమె పని ఆమె పేరు మీద ఉండాల. ఊడ్చేకి ఇంకొకర్ని చూద్దాం." ఆమె కోసమే మాట్లాడుతున్నాననుకున్నాను. మాట్లాడుతుంటే నా తొమ్మిదేళ్ళు నాకే వినబడ్డాయి.

ప్రకాశ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆమె కోసం ఇంత మాట్లాడతాండావే. నీకు ఇస్తానంటే వద్దంటివి గదా?"

"నాకేం ఇస్తామన్నారు సార్?"

"అదేందమ్మా! నాలుగేండ్ల కింద. ఉమేశ్‌ని పెట్టే ముందర నిన్నే సూపర్వైజరు చేద్దామనుకుంటి. నువ్వు పాపకి జరమని లీవులో ఉంటివి. రిజిస్టర్లో ఉండే నంబరుకి ఫోన్ చేసినా. మీ ఆయన ఎత్తినాడు. 'ఆమెకి ఇంటి పనే సరిపోతాది సార్, పెద్ద పోస్టులు ఆమెకి వద్దు' అన్నాడు. నువ్వే చెప్పించినావనుకుంటి. ఇప్పుడు చేస్తానంటే చెప్పు, ఆ పని నీదే."

చేరిన కొత్తలో నాకు ఫోను లేదు. అతని నంబరే రాయించాను. ఆ తర్వాత ఫోను కొనుక్కున్నా రిజిస్టరు మార్చమని అడగాలని తోచలేదు. ఆ లీవు నాకు గుర్తుంది. మూడు రోజులు పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. ఆ మూడు రోజుల్లో ఏ పూటో, వరండాలో నిలబడి, నా జీవితం గురించి ఒక నిమిషం మాట్లాడి, ఫోను జేబులో పెట్టుకుని లోపలికొచ్చి కాఫీ అడిగి ఉంటాడు. నేను కలిపి ఇచ్చి ఉంటాను. సోమవారం పనికి వస్తే ఉమేశ్ కుర్చీలో ఉన్నాడు. నాలుగేళ్ళు నా లోపం వెతుక్కున్నాను. మాట సరిగ్గా రాదనుకున్నాను, ఇంగ్లీషు రాదనుకున్నాను, చీర కట్టు బాగుండదేమోనని కూడా అనుకున్నాను. కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ తర్వాత. ఆ క్షణంలో ముందు వచ్చింది కోపం కాదు. నెత్తి మీది మూట ఎవరో వెనక నుంచి దించేసినట్టు మెడ తేలికైంది. నేను పనికిరాక కాదు. నేను చాలక కాదు. నన్ను అడగలేదు, అంతే.

నాకు కళ్ళు నిండాయి. హొన్నూరమ్మ చూసింది. "ఇప్పుడు అడుగుతాండాడు గదా సౌభాగ్యమ్మా" అంది మెల్లగా. "ఈసారి నువ్వే చెప్పు."

"ఉమేశ్‌కి ఈడ ఉండేది ఇష్టం లే, మా బట్టల షాపుకి పంపిస్తా" అన్నారు ప్రకాశ్ గారు. "పొద్దున తొందరగా రావాల, సాయంత్రం లేటు అయితాది. ఇంటికి పోయి ఒక మాట అడిగి సోమవారం చెప్పు."

"అడిగేదేం లేదు సార్. ముందు ఆమెది రాయండి, తర్వాత నాది రాయండి."

ఆయన రిజిస్టరు తెరిచి హొన్నూరమ్మ పేరు ఎదురుగా మెకానిక్ అని రాశారు. ఆమె వంగి, ఒక్కో అక్షరం వేలితో తాకుతూ చదువుకుంది. తర్వాత నా పేరున్న పేజీ తీశారు. అక్కడున్న ఫోను నంబరు మీద నేనే అడ్డగీత కొట్టి, పక్కన నాది రాశాను.

ఆ తర్వాత రెండు నెలలకు నయన ఇంకొకామెను తీసుకొచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "నీకు ఏం పని వస్తాది?" అని మొదట అడిగింది హొన్నూరమ్మే. ఏం చేసి లోపలికి పోయావని అడగలేదు. అది తర్వాతి సంగతి. ముందు ఆ ఆదివారం గురించి చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం తిప్పేశ్‌కు సెలవు. అన్నం, పప్పు, గోంగూర వండాను. అతనికీ అత్తకూ పాపకూ వడ్డించి, నిలబడే చెప్పాను. సూపర్వైజరు పని తీసుకున్నానని, రేపటి నుంచి ఏడున్నరకు వెళ్తానని, సాయంత్రం వంట అతనే చూసుకోవాలని.

అతను ముద్ద కంచంలో వదిలేశాడు. "అంత పెద్ద సంగతి, నన్నొక మాట అడగాల్సింది గదా?"

"నువ్వు నన్ను అడిగింటే నేనూ నిన్ను అడుగుదును."

అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. అతని చెవులు ఎర్రబడటం కనబడింది. "ఎవరు చెప్పినారు నీకు? నీ మంచికే అన్నా సౌభాగ్యా. పాప చిన్నది, అమ్మకి బాగలేదు..."

"ఏందిరా? ఏం అడగలేదు నువ్వు?" అంది మా అత్త. ఆమె కొడుకు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు. గోంగూర గిన్నె తన ముందు నుంచి తీసి నా వైపు జరిపింది.

"నాకు వంట యాడ వస్తాది?" అన్నాడు తిప్పేశ్ చివరకు.

"నేర్చుకుంటే వస్తాది" అన్నాను.

గట్టిగా అనలేదు. పోట్లాడటానికి నాలో ఏమీ మిగల్లేదు. పదమూడేళ్ళలో మొదటిసారి నా ఒళ్ళు అంత హాయిగా ఉంది. అతను నీళ్ళ కోసం చూశాడు. చెంబు అతని పక్కనే ఉంది. నేను లేవలేదు. ఇంకో కంచం తెచ్చుకుని, పాప పక్కన చోటు చేసుకుని వాళ్ళతో పాటే కూర్చున్నాను. ఆ పూట అన్నం వేడిగా తిన్నాను.